కొండెక్కడానికి కొండంత బండే కావాలా?

అడ్వెంచర్ టూరింగ్ బైకు కొనాలనుకునేవాళ్ల ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. మూడు నాలుగు లక్షల్లో వచ్చే 400-450 సీసీ బండి ఒకటి, ఇరవై లక్షలు దాటే 1,300 సీసీ బండి మరొకటి. రెండూ లద్దాఖ్ వెళ్తాయి, రెండూ గుంతల్ని లెక్కచెయ్యవు. మరి ఎవరికి ఏది?

జూన్ వచ్చిందంటే నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్, ఆదిలాబాద్ దాటి ఉత్తరానికి సాగే బండ్ల వరసలు కనిపిస్తుంటాయి. రెండు పక్కలా పెట్టెలు, వెనక సీటు మీద వాన తగలని సంచి, హ్యాండిల్‌కి బిగించిన ఫోను. టీ కొట్టు దగ్గర ఆగితే చాలు, చుట్టూ చేరినవాళ్లు రెండే ప్రశ్నలడుగుతారు. ‘బండి ఎంత పడింది?’, ‘లీటరుకి ఎంతిస్తుంది?’

అసలు అడగాల్సిన మూడో ప్రశ్న ఎవరూ అడగరు. ‘పడితే ఎవరు లేపుతారు?’

అడ్వెంచర్ బైకుల విషయంలో ఇది ఎగతాళి మాట కాదు. కంకర, ఇసుక, బురద, వాగుల్లో నడపడానికే ఈ బండ్లు పుట్టాయి. అలాంటిచోట బండి పడటం ప్రమాదం కిందికి రాదు, ప్రయాణంలో భాగం కిందే లెక్క. అందుకే ఎంపికని ఇంజిన్‌తో మొదలుపెట్టకుండా బరువుతో మొదలుపెట్టడం మంచిది.

అంకెల్లో ఆ రెండూ

మధ్యరకానికి మన దేశంలో బాగా తెలిసిన ఉదాహరణ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. 2023 నవంబరులో వచ్చింది. 452 సీసీ, 40 హార్స్‌పవర్, 40 న్యూటన్ మీటర్ల టార్క్, 17 లీటర్ల ట్యాంకు. పెట్రోలుతో కలిపి 196 కిలోలు. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, కావాలంటే మరో 20 పెంచుకోవచ్చు. దానికి పోటీగా నిలిచేది కేటీఎం 390 అడ్వెంచర్. 2025లో వచ్చిన కొత్త మోడల్‌లో ఇంజిన్ 399 సీసీ, శక్తి 46 హార్స్‌పవర్, ట్యాంకు 14.5 లీటర్లు.

పెద్దవాటిలో అందరూ కొలబద్దగా చూసేది బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్. 2023 సెప్టెంబరులో బెర్లిన్‌లో ఆవిష్కరించారు, 2024లో మన దేశానికి వచ్చింది. 1,300 సీసీ, 145 హార్స్‌పవర్, 149 న్యూటన్ మీటర్లు, 19 లీటర్ల ట్యాంకు, 237 కిలోలు, సీటు ఎత్తు 850 మిల్లీమీటర్లు. 30 లీటర్ల ట్యాంకుతో వచ్చే దీని అన్న ‘అడ్వెంచర్’ అయితే 269 కిలోలు తూగుతుంది. డుకాటీ మల్టీస్ట్రాడా వీ4, హార్లే పాన్ అమెరికా, ట్రయంఫ్ టైగర్ 1200 ఈ వర్గంలోవే.

శక్తిలో తేడా మూడున్నర రెట్లు. బరువులో తేడా నలభై కిలోలే కదా అనిపిస్తుంది. నునుపైన తారు మీద ఆ నలభై కిలోలు తెలియనే తెలియవు. ఏటవాలు కంకర మీద ఒక కాలు జారిన క్షణంలో తెలుస్తాయి. దానికి ఇనుప గార్డులు, మూడు పెట్టెలు, వాటిలో సామాను కలిపితే పెద్ద బండి మూడు వందల కిలోల దగ్గరికి చేరుతుంది. బండి పెద్దదయ్యేకొద్దీ పెట్టెలూ పెద్దవవుతాయి, పెట్టెల్లో ఖాళీ ఉంటే సామానూ పెరుగుతుంది.

నాటి పెద్ద బండే నేటి మధ్యరకం

ఈ కథ మొదలైంది 1980లో. ఆ ఏడాది బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ అనే బండిని తెచ్చింది. దాదాపు 800 సీసీ, 50 హార్స్‌పవర్. రోడ్డు మీద దూరాలు పోవడానికీ, రోడ్డు లేనిచోట దూరి పోవడానికీ ఒకే బండి అన్న ఆలోచన దానితోనే పెద్ద ఎత్తున జనంలోకి వెళ్లింది. మరుసటి ఏడాదే ఫ్రాన్స్ రైడర్ యూబెర్ ఓరియోల్ బీఎండబ్ల్యూ మీద పారిస్-డకార్ ర్యాలీ గెలవడంతో ఎడారి మోజు మొదలైంది.

ఆ తొలి జీఎస్ పెట్రోలుతో కలిపి కూడా 190 కిలోలలోపే. అంటే అప్పట్లో ‘పెద్ద బండి’ అని జనం నోరెళ్లబెట్టినది ఇవాళ్టి హిమాలయన్ కన్నా కాస్త తేలికే! నలభై ఏళ్లలో ఇంజిన్ 800 నుంచి 1,300 సీసీకి పెరిగింది, శక్తి మూడింతలకు చేరువైంది. రాడార్‌తో ముందు వాహనానికి దూరం పాటించే క్రూజ్ కంట్రోల్, మలుపులోనూ పనిచేసే ఏబీఎస్, రోడ్డుని బట్టి మారే సస్పెన్షన్ వచ్చి చేరాయి. సౌకర్యం పెరిగింది, దానితోపాటే బరువూ పెరిగింది. పాత జీఎస్ చేసిన పనిని ఇవాళ మధ్యరకం బండ్లు అందుకున్నాయి.

ఓరియోల్ గెలిచిన ఆ పందెంలోనూ ఇంజిన్లు చిన్నవయ్యాయి. వేగాన్ని అదుపు చెయ్యడానికి ర్యాలీ నిర్వాహకులు 2011 నుంచి డకార్‌లో 450 సీసీ మించిన బైకుల్ని అనుమతించడంలేదు. అంటే ప్రపంచంలోకెల్లా కఠినమైన ఎడారి పందేన్ని ఇప్పుడు గెలిచేవన్నీ 450 లోపు బండ్లే. 2015లో ఆ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సీఎస్ సంతోష్, 2024లో ర్యాలీ-2 విభాగం గెలిచిన హరిత్ నోవా పోటీపడినదీ ఆ తరగతిలోనే. అవి పందెం కోసం ప్రత్యేకంగా తయారుచేసినవి, షోరూమ్‌లో దొరికేవి కావు. అయినా దారి కష్టమైనకొద్దీ ఇంజిన్ పెద్దదవ్వాలన్న నమ్మకం నిజం కాదని అవి రుజువు చేస్తున్నాయి.

ప్రపంచం చుట్టినవాళ్లు ఏం నడిపారు?

బ్రిటన్ పాత్రికేయుడు టెడ్ సైమన్ 1973లో బయల్దేరి నాలుగేళ్లపాటు ప్రపంచమంతా తిరిగింది 500 సీసీ ట్రయంఫ్ మీద. మన దేశమూ ఆ దారిలో ఉంది. ఆయన రాసిన పుస్తకం చదివి బైకెక్కినవాళ్లు ఎందరో.

పెద్ద జీఎస్‌కి ప్రపంచమంతా పేరు తెచ్చింది మాత్రం 2004 నాటి ‘లాంగ్ వే రౌండ్’ టీవీ సిరీస్. నటులు యువాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ లండన్ నుంచి తూర్పుగా సాగి న్యూయార్క్ చేరారు. వాళ్లు నడిపినవి బీఎండబ్ల్యూ ఆర్ 1150 జీఎస్ అడ్వెంచర్లు. వాటితో మంగోలియా బురదలో వాళ్లు పడ్డ అవస్థ ఆ సిరీస్‌లో దాచకుండా చూపించారు. వెంట ఉన్న కెమెరామన్ క్లాడియో బండి అక్కడే దెబ్బతింది. దాన్ని లారీ ఎక్కించి, స్థానికంగా దొరికిన రష్యా తయారీ ఇజ్ ప్లానెటా కొన్నారు. 350 సీసీ, టూ స్ట్రోక్, పల్లెటూరి బండి. కొంత దూరం ఆయన ప్రయాణం దాని మీదే సాగింది. సిరీస్ చూసి జీఎస్ కొన్నవాళ్లు వేలల్లో ఉంటారు, ఆ పల్లెటూరి బండిని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

‘ఇచీ బూట్స్’ పేరుతో వీడియోలు చేసే నెదర్లాండ్స్ మహిళ నోరాలీ తన మహాయాత్ర మొదలుపెట్టింది మన దేశం నుంచే. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ కొని బయల్దేరింది. ఆ తర్వాత దక్షిణ అమెరికా మొదలుకొని పైకి సాగిన యాత్రకి మళ్లీ హిమాలయన్‌నే ఎంచుకుంది. ఆఫ్రికాకి వెళ్లేటప్పుడు ఇంకా చిన్నదైన 300 సీసీ తరగతి హోండా ఎక్కింది. అంత అనుభవం వచ్చాక కూడా ఆమె ఎంచుకున్నది తేలికైన బండే!

మన గడప నుంచి కూడా ఉదాహరణ ఉంది. 2018లో జైభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం వరకు దాదాపు 17 వేల కిలోమీటర్లు తిరిగొచ్చారు. వాళ్లు నడిపినవి బజాజ్ డామినార్ 400లు.

పెద్ద బండి ఎక్కడ గెలుస్తుంది?

ఇంత చెప్పాక పెద్ద బండ్లు కొనేవాళ్లంతా డాబు కోసమే కొంటున్నారని అనుకుంటే పొరపాటే. అది గెలిచే చోట్లు స్పష్టంగా ఉన్నాయి.

మొదటిది, వెనక మనిషి. భార్యాభర్తలిద్దరూ పది రోజుల సామానుతో బయల్దేరితే 450 సీసీ బండి ఆపసోపాలు పడుతుంది. లారీని దాటడానికి గేరు తగ్గించాలి, ఘాట్‌లో ఇంకోటి తగ్గించాలి. పెద్ద బండికి ఆ బరువు పట్టదు. ఆర్ 1300 జీఎస్ మనుషులు, సామాను కలిపి రెండు వందల కిలోలకు పైగా మోయగలదు. వెనక సీటు వెడల్పు, సస్పెన్షన్ మెత్తదనం వల్ల సాయంత్రానికి వెనక కూర్చున్నవాళ్ల నడుం నిలబడుతుంది. ఇంట్లో బండికి ఓటు ఎవరిదో తెలిసినవాళ్లు ఈ అంశాన్ని తేలిగ్గా తీసుకోరు.

రెండోది, గాలి. వేగం గంటకి 80 నుంచి 120 కిలోమీటర్లకి పెరిగితే గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి సుమారు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఎనభైలో 450 సీసీ బండి తన శక్తిలో సగం కూడా వాడదు. నూట ఇరవైలో మాత్రం ఊపిరి బిగబట్టి పరిగెడుతుంది, చేతుల్లో సన్నని వణుకు మొదలవుతుంది. పెద్ద బండికి అది ఉదయపు నడక.

మూడోది, ఎత్తు. సముద్రమట్టానికి ఐదు వేల మీటర్ల ఎత్తున గాలి సాంద్రత కిందతో పోలిస్తే సుమారు అరవై శాతమే. ఖర్దుంగ్ లా అంతకన్నా ఎత్తు. అక్కడ టర్బో లేని ఏ ఇంజిన్ అయినా దాదాపు ఆ నిష్పత్తిలోనే నీరసిస్తుంది. నలభై హార్స్‌పవర్ బండికి పాతిక దాకా మిగులుతుంది, 145 హార్స్‌పవర్ బండికి ఎనభై దాటి మిగులుతుంది. ఒక్కరే అయితే ఆ పాతిక చాలు. ఇద్దరూ, సామానూ ఉంటే మొదటి గేరులో క్లచ్ వాసన రావడం ఖాయం.

నాలుగోది, చైన్ బాధ లేకపోవడం. ఆర్ 1300 జీఎస్ లాంటి కొన్ని పెద్ద బండ్లలో చక్రానికి శక్తిని చేరవేసేది షాఫ్ట్. వానలో, దుమ్ములో అయిదారు వందల కిలోమీటర్లకోసారి ఆగి చైన్ తుడిచి నూనె పట్టించే పని తప్పుతుంది.

మన రోడ్లు ఏమంటున్నాయి?

చిక్కేమిటంటే, పెద్ద బండిని మెచ్చుకునే సమీక్షల్లో చాలా భాగం జర్మనీ నుంచో అమెరికా నుంచో వస్తాయి. టెక్సస్‌లో ఉండే మన బంధువు గంటకి 75 మైళ్లు, అంటే 120 కిలోమీటర్ల పరిమితి ఉన్న హైవే మీద రోజుకి వెయ్యి కిలోమీటర్లు పోగలడు. అతని లెక్క అతనికి సరైనదే. యూరప్‌లో కొత్త రైడర్లకి ఇచ్చే ఏ2 లైసెన్సు 35 కిలోవాట్లు, అంటే 47 హార్స్‌పవర్ దగ్గరే ఆపేస్తుంది కాబట్టి అక్కడ మధ్యరకం బండి ఒక మెట్టు. మన దగ్గర గేర్లున్న బైకు లైసెన్సు ఒకటి ఉంటే పద్దెనిమిదేళ్ల కుర్రాడు కూడా 145 హార్స్‌పవర్ బండి ఎక్కొచ్చు. ఆపేది చట్టం కాదు, తెలివిడే.

కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరసల రహదారుల మీద బైకు గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. ఎనభై దాటాకే పెద్ద బండి గొప్పతనం మొదలవుతుంది, చట్టం అక్కడే ఆగమంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాల్ని రానివ్వరు, ఇరవై లక్షల బండి అయినా సర్వీసు రోడ్డే గతి. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలోనూ 2023 ఆగస్టు నుంచి బైకులకి ప్రవేశం లేదు.

ఇక మనవాళ్లు శని, ఆదివారాల్లో వెళ్లే దారులు చూడండి. అనంతగిరి మలుపుల మీదుగా అరకు, మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్, లంబసింగి, నల్లమలలో మన్ననూరు దాటాక శ్రీశైలం. ఎక్కడా రెండు నిమిషాలు నేరుగా పోయే తారు దొరకదు. ఎదురుగా ఆర్టీసీ బస్సు, మలుపులో మేకల మంద, వాన పడితే కొట్టుకొచ్చిన మట్టి. అక్కడ 145 హార్స్‌పవర్‌లో వందకి పైగా నిద్రపోతుంటాయి. చటుక్కున వంగి చటుక్కున లేచే బండికే ఆ దారుల్లో హాయి.

లద్దాఖ్ దారిలో ఇంధనం లెక్క కూడా ఆసక్తికరమే. మనాలీ నుంచి లేహ్ వెళ్లేటప్పుడు తాండీ దగ్గర బంకులో ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అని చెప్పే బోర్డు బైకర్ల ఫొటోల్లో ప్రసిద్ధం. లీటరుకి 28 కిలోమీటర్ల చొప్పున 17 లీటర్ల మధ్యరకం బండి 470 దాటుతుంది. లీటరుకి 20 ఇచ్చే పెద్ద బండి 19 లీటర్లతో 380 దగ్గర ఆగుతుంది. కనుమలెక్కేటప్పుడు మైలేజీ ఇంకా పడిపోతుంది కాబట్టి పెద్ద బండి వెంట క్యాను తప్పనిసరి.

జేబు సంగతి

హిమాలయన్ 450 విడుదలైనప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 2.69 లక్షల దగ్గర మొదలైంది. ఆర్ 1300 జీఎస్ 20.95 లక్షల దగ్గర మొదలైంది. తర్వాత రెండూ పెరిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బైకులన్నిటి మీదా జీఎస్టీ 40 శాతం, ఆ లోపువాటికి 18 శాతమే. అంటే పన్ను దృష్టిలో 450, 1,300 ఒకే గాటన ఉన్నాయి. థర్డ్ పార్టీ బీమా కూడా 350 సీసీ దాటితే ఏడాదికి 2,804 రూపాయలే, రెండింటికీ ఒకటే. కానీ సొంత నష్టానికి కట్టే బీమా, జీవితకాల పన్ను బండి ధరని బట్టి పెరుగుతాయి. విడుదల ధరల్లో తేడా పద్దెనిమిది లక్షల పైచిలుకు. లీటరు 110 రూపాయల చొప్పున ఆ డబ్బుతో పెట్రోలు కొంటే మధ్యరకం బండి నాలుగున్నర లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. భూమిని పదకొండుసార్లు చుట్టేసినంత.

సర్వీసింగ్ దగ్గర తేడా ఇంకా ముఖ్యం. రాయల్ ఎన్‌ఫీల్డ్ షోరూమ్ జిల్లా కేంద్రంలోనూ ఉంటుంది. విదేశం నుంచి పూర్తిగా తయారై వచ్చే బండికి హైదరాబాద్ లాంటి పెద్ద నగరమే దిక్కు. విరిగిన క్లచ్ లీవరు కర్నూలులో దొరకడానికీ, జర్మనీ నుంచి రావడానికీ మధ్య సెలవులన్నీ అయిపోవచ్చు. విదేశాలకి సొంత బండి మీద వెళ్లేవాళ్లకి కొన్ని దేశాల్లో కార్నే అనే పత్రం కావాలి. దానికిచ్చే పూచీ మొత్తం బండి విలువని బట్టే ఉంటుంది.

మధ్యలో మరో మెట్టు

ఈ రెండింటి మధ్య 750-800 సీసీ వర్గం ఒకటుంది. విదేశాల్లో ‘మధ్యరకం’ అంటే ఇవే. హోండా ట్రాన్సాల్ప్ 750 బరువు 208 కిలోలు, సుజుకీ వీ-స్ట్రామ్ 800 డీఈ 230 కిలోలు. మన దేశంలో విడుదల ధరలు పది, పదకొండు లక్షల మధ్య. ఏడాదిలో చాలాసార్లు ఇద్దరుగా వెళ్తూ, అప్పుడప్పుడూ కంకర దారి పట్టేవాళ్లకి ఇవి సరిగ్గా సరిపోతాయి. ఇరవై లక్షలకి సిద్ధమైనవాళ్లు వీటిని ఒకసారి నడిపి చూడకుండా సంతకం పెట్టకూడదు.

కొనేముందు ఈ పరీక్షలు

* బూట్లు వేసుకుని సీటెక్కండి. రెండు మునివేళ్లయినా నేలకి ఆనాలి. తర్వాత ఒక పక్కకి కాస్త ఒరిగించి ఒంటికాలితో ఆపి చూడండి.
* ఇంజిన్ ఆపి, చిన్న ఎత్తు మీదికి బండిని వెనక్కి నెట్టండి. హోటల్ పార్కింగ్‌లో రోజూ చేయాల్సిన పని అదే.
* షోరూమ్‌లో పడెయ్యనివ్వరు. ఆ బండి ఉన్న స్నేహితుణ్ని అడిగి, గడ్డి నేల మీద మెల్లగా పడుకోబెట్టి లేపండి. బండి గేరులో ఉండాలి. కుడివైపు పడి ఉంటే ముందే సైడ్ స్టాండు తీసిపెట్టండి. బండికి వీపు ఆనించి, గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, మరో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్ల బలంతో వెనక్కి అడుగులేస్తూ లేవాలి.
* టెస్ట్ రైడ్‌కి వెనక కూర్చునేవాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి. అరగంట తర్వాత వాళ్లేం చెప్పారో అదే తీర్పు.
* ఫుట్‌పెగ్స్ మీద నిలబడి నడపండి. హ్యాండిల్ అందుకోవడానికి వీపు వంచాల్సి వస్తే ఆ బండి కొలత మీది కాదు.
* గత ఏడాది మీరు నిజంగా వెళ్లిన ప్రయాణాలు కాగితం మీద రాయండి. వెళ్లాలనుకున్నవి కాదు, వెళ్లినవి. ఒక్కరుగా ఎన్ని, ఇద్దరుగా ఎన్ని, తారు వదిలి ఎన్ని?

చివరి మాట

ఒక్కరే తిరిగేవాళ్లు, కొత్తగా అడ్వెంచర్ వైపు వస్తున్నవాళ్లు, వారాంతాల్లో ఘాట్లకీ ఏడాదికోసారి దూరానికీ వెళ్లేవాళ్లు, ఒకే బండితో ఆఫీసుకీ వెళ్లాల్సినవాళ్లు కళ్లు మూసుకుని 400-450 సీసీ తీసుకోవచ్చు. మన రోడ్లకి, మన చట్టానికి, మన మెకానిక్కుకి అది సరిపోతుంది. మిగిలిన డబ్బుని మంచి హెల్మెట్, మోకాలి గార్డులున్న ప్యాంటు, మడమ దాటే బూట్లు, రెండు రోజుల ఆఫ్‌రోడ్ శిక్షణ మీద పెట్టండి. ఎక్కువసార్లు ఇద్దరుగా, నిండు సామానుతో, రోజుకి ఐదారు వందల కిలోమీటర్లు తారు మీదే తిరిగేవాళ్లకి, ఇప్పటికే కొన్నేళ్లు బరువైన బండి నడిపి, దాని ఖర్చు భరించగలవాళ్లకి పెద్ద బండి ఇచ్చే సుఖం ఇంకేదీ ఇవ్వదు.

రెండింటి మధ్య మనసు ఊగుతుంటే చిన్నదానితో మొదలుపెట్టండి. 450 చాలలేదని రెండేళ్ల తర్వాత పెద్దదానికి మారడం తేలిక. 1,300 ఎక్కువైందని ఒప్పుకుని అమ్మబోతే, తగ్గిన ధరంతా పోయేది మీ జేబులోంచే.